గ్రీస్‌లో తెరచాప పడవ: సముద్రంలో సుఖం, డిపాజిట్ దగ్గర పేచీ

అద్దె పడవ తిరిగి అప్పగించిన రోజు పొద్దున్నే మా డిపాజిట్‌లోంచి 320 యూరోలు కోసేశారు. పడవ వెంట ఇచ్చే చిన్న రబ్బరు బోటు మోటారుకు ఉన్న ప్రొపెల్లర్ రెక్క ఒకటి అంచు విరిగిందట. అది మా చేతిలో విరిగింది కాదు. ఈ ఒక్క గొడవ లేకపోతే మా రెండు కుటుంబాలకూ ఇంత మంచి సెలవు ఈ మధ్య దొరకలేదు. గ్రీస్ వెళ్లాలనుకునేవాళ్లు రెండు సంగతులూ తెలుసుకుని వెళ్లాలి.

మేం ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటాం. దసరా సెలవులకు బావగారు, అక్క, వాళ్లమ్మాయి హైదరాబాద్ నుంచి వచ్చారు. వాళ్లకు షెంగెన్ వీసా ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోల చొప్పున అయింది. ఏథెన్స్ ఎయిర్‌పోర్ట్ నుంచి మా పడవ ఉన్న ఆలిమోస్ మరీనాకు (పడవల రేవుకు) ఎక్స్96 బస్సు ఉంది, టికెట్టు 5.50 యూరోలు. సామాన్లు ఎక్కువగా ఉన్నా మాకు ఇబ్బంది కాలేదు. టాక్సీ కోసం కంగారు పడక్కర్లేదు.

46 అడుగుల పడవ, నాలుగు గదులు. అద్దె వారానికి 2,700 యూరోలు. మాలో ఎవరికీ లైసెన్సు లేదు కాబట్టి పడవ నడిపే కెప్టెన్‌ను, అంటే స్కిప్పర్‌ను పెట్టుకోవాలి. ఆయనకు రోజుకు 210 చొప్పున 1,470. క్లీనింగు, దుప్పట్లు, గ్యాసు కలిపి 240. రబ్బరు బోటు మోటారుకు విడిగా 90. అక్కడికి 4,500 అయింది. డీజిల్‌కు 105, రేవుల్లో కట్టినవి 78. స్కిప్పర్ భోజనం కూడా మనదే, ఆయనకు ఒక గది ఇవ్వాలి. నాలుగు గదులున్నాయి కదా అని ఇంకో జంటను పిలిచేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

వారం అంటారు గానీ శనివారం సాయంత్రం ఇస్తారు, శుక్రవారం సాయంత్రానికల్లా డీజిల్ నింపి మరీనాకు తెచ్చేయమంటారు. ఆ రాత్రి పడవలోనే పడుకోవచ్చు, శనివారం పొద్దున తొమ్మిదికి దిగిపోవాలి. డబ్బులు మాత్రం ఏడు రోజులకూ తీసుకుంటారు. దాదాపు అన్ని కంపెనీలదీ ఇదే పద్ధతి. నాకు మాత్రం ఇది న్యాయంగా అనిపించలేదు.

ఎటు వెళ్లాలన్న దగ్గర అక్కకు కోపం వచ్చింది. ఆమె మనసంతా సాంటొరిని దీవి మీద ఉంది. మా కెప్టెన్ ఒప్పుకోలేదు. ఆలిమోస్ నుంచి అది దాదాపు 120 నాటికల్ మైళ్లు, మన పడవ గంటకు ఐదారు మైళ్లు పోతుంది, పైగా అక్కడ అగ్నిపర్వతం బిలంలో లోతు వందల మీటర్లు, లంగరు అందదు అని చెప్పారు. నూటికి నూరు పాళ్లు నిజం. సాంటొరిని చూడాలంటే ఫెర్రీలోనో విమానంలోనో వెళ్లండి. మొదటిసారి తెరచాప పడవ ఎక్కేవాళ్లకు ఏథెన్స్ పక్కనే ఉన్న సరోనిక్ గల్ఫే మంచిది. ఒక దీవి నుంచి ఇంకో దీవికి మూడు నాలుగు గంటలు. జూలై, ఆగస్టుల్లో సాంటొరిని ఉన్న సైక్లడీస్ దీవుల వైపు మెల్టెమీ అనే ఉత్తరపు గాలి రోజుల తరబడి విరుచుకుపడుతుంది. పిల్లలతో ఆ నెలల్లో అటు వద్దే వద్దు.

ఎజీనా, పోరోస్ దీవులు, ఎపిడావ్రోస్ ఊరు హాయిగా గడిచిపోయాయి. ఎజీనాలో పెర్దికా అనే చిన్న ఊళ్లో తిన్న భోజనం గురించి మాత్రం చెప్పాలి. బావగారు శాకాహారి. విమానం దిగినప్పటి నుంచి బ్రెడ్డూ టమాటాలతో నెట్టుకొస్తూ ముభావంగా ఉన్నారు. అక్కడి టవెర్నాలో (చిన్న హోటల్లో) ఫావా అని ఒకటి తెచ్చారు. పసుప్పచ్చ పప్పును మెత్తగా ఉడికించి, పైన ఆలివ్ నూనె, పచ్చి ఉల్లిపాయ ముక్కలు, నిమ్మచెక్క. అచ్చం మన ముద్దపప్పే. సంచీలోంచి ఆవకాయ సీసా బయటికొచ్చింది. టవెర్నా పెద్దావిడ అది చూసి తనకూ ఒక చెంచా వేయించుకుంది, కళ్లనీళ్లు పెట్టుకుంటూనే మళ్లీ అడిగింది. టమాటా గుజ్జులో వండిన పెద్ద చిక్కుడు గింజలు, బియ్యం కూరి కాల్చిన క్యాప్సికం, పిల్లలకు చేపలు, అంతా కలిపి, కెప్టెన్‌తో సహా, 94 యూరోలు. బావగారు ఆ రాత్రి పడవ పైన కూర్చుని పాటలు పాడారు.

కెప్టెన్ గురించి ఎంత చెప్పినా తక్కువే. వయసులో ఉండగా సరుకు ఓడల్లో పనిచేశారట. మాది వైజాగ్ అనగానే డాల్ఫిన్స్ నోస్ గుర్తుచేశారు, ఇనుప ఖనిజం ఎత్తడానికి వచ్చారట. హైడ్రా దీవి రేవు చాలా చిన్నది, మధ్యాహ్నం దాటితే చోటుండదు. అందుకని ముందురోజు దగ్గర్లోని ఎర్మియోని రేవులో ఆగి, పొద్దున పదికి, రాత్రి ఉన్న పడవలు ఖాళీ చేసే వేళకు తీసుకెళ్లారు. రాత్రి హైడ్రాలో ఉండలేదని అక్క మొదట మూతి ముడుచుకుంది గానీ, కార్లు లేని ఆ ఊరి మెట్ల వీధులు ఎక్కాక చల్లబడింది.

తిరిగి బయల్దేరేటప్పుడు మా లంగరుతో పాటు పక్క పడవ గొలుసు కూడా పైకొచ్చింది. పక్కవాళ్లు అరవడం మొదలుపెట్టారు. నాకు ఒకటే టెన్షన్. కెప్టెన్ ముందు కొసన బోర్లా పడుకుని ఆ గొలుసు కిందుగా ఒక తాడు దూర్చి, రెండు కొసలూ పడవకు కట్టారు. మా లంగరును కాస్త కిందికి వదలగానే అది విడివడింది. అప్పుడు తాడు ఒక కొస వదిలారు, పక్కవాళ్ల గొలుసు నీళ్లలోకి జారిపోయింది. మొత్తం ఐదు నిమిషాల పని. 210 యూరోలు దేనికిస్తున్నామో మావారికి అప్పుడు అర్థమైంది.

ఇక డిపాజిట్ సంగతి. 2,500 యూరోలు కార్డు మీద తీసుకున్నారు. వద్దనుకుంటే 340 కట్టి నష్టభయం లేకుండా చేసుకోవచ్చు, అది తిరిగి రాదు. స్కిప్పర్ కంపెనీ పంపిన మనిషే అయినా డిపాజిట్ బాధ్యత మాత్రం మనదే. శనివారం సాయంత్రం పడవ చూపించిన కుర్రాడు ఇరవై నిమిషాల్లో ముగించి కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. ఇంకా చాలా పడవలు ఉన్నాయని తొందర. సూపర్ మార్కెట్ సామాన్లు కూడా అప్పుడే వచ్చాయి. మోటారు పడవ వెనక కమ్మీకి తగిలించి ఉంది, దాన్ని తిప్పి చూపించలేదు.

అప్పగించేటప్పుడు ఇంకొకాయన వచ్చి నేరుగా ఆ మోటారు దగ్గరికే వెళ్లాడు. రెక్క అంచు చూపించి, సంతకం చేసిన కాగితంలో ఇది రాసిలేదు, 320 అన్నాడు. కెప్టెన్ వేలితో ఆ విరుపును తడిమి చూపించారు. అల్యూమినియం కొత్తగా విరిగితే మెరుస్తుంది, ఇది మసకబారి, తెల్లటి పొడి పట్టి ఉంది, నెలల నాటిది అని గట్టిగా చెప్పారు. వాళ్ల మనిషి చెప్పిన మాటే వాళ్లు వినలేదు. ఫ్లైటు టైమైపోతోంది. 2,180 మాత్రం వెనక్కొచ్చాయి. తర్వాత ఈమెయిల్ రాస్తే, సంతకం ఉంది కాబట్టి చేసేదేం లేదని జవాబిచ్చారు. ఇది పచ్చి మోసం.

కాబట్టి పడవ తీసుకునేటప్పుడు పిల్లల్ని, సామాన్లను ఒకరికి అప్పగించి, ఇంకొకరు ప్రతి మూలా వీడియో తీయాలి. ప్రొపెల్లర్, రబ్బరు బోటు అడుగు, తెరచాప అంచులు, లంగరు గొలుసు. నీళ్ల కింద భాగం చూపించలేదని ఆ కాగితం మీదే రాసి సంతకం పెట్టాలి. ఎంత తొందరపెట్టినా కదలకండి. 340 కట్టడం నయమా అంటే, మావారు నయమే అంటారు. నేను మాత్రం వాళ్లకు ముందే భయపడి డబ్బు ఇవ్వనంటాను. వచ్చేసారి గ్రీస్ పడమటి తీరంలోని లెఫ్కాదా దీవి వైపు వెళ్లాలని బావగారు ఇప్పటి నుంచే పడవలు వెతుకుతున్నారు. కంపెనీ మారుస్తాం, కొత్త కంపెనీవాళ్లు ఒప్పుకుంటే కెప్టెన్‌ను మాత్రం మార్చం.