పదాల జాబితానా, వాక్యాల సాధనా? వెర్బల్ రీజనింగ్‌కు ఏది మేలు?

వెర్బల్ రీజనింగ్, అంటే ప్రవేశ పరీక్షల్లో ఇంగ్లిష్ వాక్యాలను, పేరాలను చదివి అర్థం చేసుకుని తర్కించే భాగం, అనగానే చాలామంది వెయ్యి పదాల జాబితా ఒకటి, లావుపాటి గ్రామర్ పుస్తకం ఒకటి కొనేస్తారు. డబ్బు ఖర్చు పెట్టేముందు ఏ పరీక్ష రాస్తున్నారో చూసుకోవాలి.

ఎంబీఏ లాంటి మేనేజ్‌మెంట్ కోర్సుల ప్రవేశానికి రాసే జీమ్యాట్ అయితే ఆ గ్రామర్ పుస్తకాన్ని అటకెక్కించవచ్చు. 2023 చివర్లో వచ్చిన కొత్త రూపంలో తప్పు వాక్యాలు దిద్దే ప్రశ్నలే లేవు. వెర్బల్ విభాగంలో 45 నిమిషాల్లో చేయాల్సిన 23 ప్రశ్నలూ పేరాలను, వాదనలను అర్థం చేసుకోవడం మీదే. బ్రిటన్, ఆస్ట్రేలియా లాంటి దేశాల్లో వైద్య కోర్సుల ప్రవేశానికి రాసే యూక్యాట్‌లో వెర్బల్ విభాగంలోని 44 ప్రశ్నలకు ఒక్కోదానికి దొరికేది సుమారు అర నిమిషం. అక్కడ దెబ్బతీసేది కఠినపదాలు కాదు, పేరాలో లేని విషయాన్ని ఉన్నట్టు ఊహించుకోవడం.

పదాల బలం నిజంగా కావలసింది విదేశాల్లో పీజీ కోర్సుల ప్రవేశానికి రాసే జీఆర్ఈకి. వెర్బల్ ప్రశ్నల్లో దాదాపు సగం ఖాళీలు పూరించేవే. అయినా జాబితాను బట్టీ పడితే సరిపోతుందా? 2011 వరకు ఈ పరీక్షలో వ్యతిరేక పదాలు, పదాల జంటల పోలికలు విడిగా అడిగేవారు. అప్పుడు బట్టీకి విలువ ఉండేది. ఆ ప్రశ్నలు పోయాయి, ఆ అలవాటు మాత్రం పోలేదు! ఇప్పుడు ఒక రకం ప్రశ్నలో ఆరు పదాలిచ్చి, వాక్యానికి ఒకే అర్థాన్నిచ్చే రెండింటిని ఎంచుకోమంటారు. వాక్యానికి అతకని పర్యాయపదాల జంట కూడా ఆ ఆరింటిలోనే ఉండవచ్చు. జాబితా ఒక్కటే చదివినవారు ఆ జంటనే పట్టుకుంటారు. పైగా తెలిసిన పదమే మోసం చేస్తుంది: 'క్వాలిఫై' అంటే అర్హత పొందడమే అనుకునేవారికి, ఒక వాదనను పరిమితం చేయడం అనే అర్థం తట్టదు.

అందుకే నా ఓటు వాక్యాలకే. చదువుతుండగా తగిలిన పదాన్ని దాని వాక్యంతో సహా కార్డు మీద రాసుకోండి. పదం ఉన్నచోట ఖాళీ వదిలి, వెనక వైపు జవాబు పెట్టండి. తిరగేసేముందు గుర్తు తెచ్చుకునే ప్రయత్నం చేయాలి, కిటుకంతా అక్కడే ఉంది. 2006లో మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగంలో ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే పాఠాన్ని మళ్లీ చదివినవారే ముందున్నారు. వారం తర్వాత చూస్తే, చూడకుండా గుర్తుచేసుకున్నవారు వారిని దాటేశారు. జాబితా తిరగేస్తున్నప్పుడు అంతా వచ్చేసినట్టు అనిపించడానికి కారణం ఇదేనేమో.

గ్రామర్‌లోనూ సూత్రాలకన్నా వాక్యాన్ని విడదీయడమే మేలు. నాలుగు పంక్తుల వాక్యంలో కర్త ఏది, క్రియ ఏది, 'ఇట్' దేన్ని సూచిస్తోంది, 'ఆల్దో' దగ్గర వాదన ఎటు మళ్లింది? రోజుకు ఒక పేరాను ఇలా విప్పి చూస్తే చాలు.

ఒక మినహాయింపు ఉంది. పంక్తికి రెండు మూడు పదాల దగ్గర ఆగిపోతుంటే వాక్యమే అందదు. అలాంటివారు ముందు తరచూ కనిపించే పదాల చిన్న జాబితా పూర్తిచేసి, ఆ తర్వాతే పేరాల్లోకి దిగాలి.