గాలి డోమ్‌లో ‘ఏలియన్స్’ షో: ఆకాశం బాగుంది, లెక్కే తేడా

హన్మకొండ, పరకాల, నర్సంపేట బడులకు వచ్చి, గాలి నింపిన డోమ్‌లో నలభై నిమిషాలు ఆకాశం చూపించే షో ఇది. మొదటి సగానికి పూర్తి మార్కులు. రెండో సగం ‘గ్రహాంతర జీవులు ఉన్నారా?’ పేచీ అక్కడే.

ముందు ఏర్పాట్లు. 5 మీటర్ల డోమ్‌లో 25 మంది పిల్లలు కింద కూర్చుంటే సరి, అంతకు మించి తోస్తే వెనకవాళ్లకు బొమ్మ సగమే. సీలింగ్ ఫ్యాన్లు కిందికి వేలాడే హాలు వద్దు, ఆపి ఉంచినా రెక్క అంచు గుడ్డను చింపేస్తుంది. బ్లోయర్ ఆగితే పైకప్పు నిమిషాల్లో జారుతుంది, అందుకే ఇన్వర్టర్ లైను ముందు దానికివ్వండి, ప్రొజెక్టర్ సంగతి తర్వాత. ఏప్రిల్‌లో రేకుల షెడ్డు కింద పెట్టారో, బ్లోయర్ ఆ వేడిగాలినే లోపలికి తోస్తుంది.

ఇక విషయం. 1995లో వేరే నక్షత్రం చుట్టూ దొరికిన 51 పెగాసి బి గ్రహం నుంచి, అలాంటి గ్రహాలను వెతికిన కెప్లర్ టెలిస్కోపు దాకా చక్కగా చెప్పారు. ఇప్పటికి ఖాయమైన ఇలాంటి గ్రహాలు 6,000 దాటాయి. గ్రహాలు అరుదు కావన్నది ఇక అనుమానం లేని మాట.

తర్వాత డ్రేక్ సమీకరణం, అంటే మన గెలాక్సీలో సంకేతాలు పంపే నాగరికతలు ఎన్నో అంచనా వేసే గుణకారం. 1961లో అమెరికాలోని గ్రీన్ బ్యాంక్ సమావేశంలో చర్చకు ఎజెండాగా ఖగోళ శాస్త్రవేత్త ఫ్రాంక్ డ్రేక్ రాసుకున్నది అది. షోలో దాన్నే జవాబు తేల్చే యంత్రం చేశారు. ఏడాదికి 2 కొత్త నక్షత్రాలు, అన్నిటికీ గ్రహాలు, నక్షత్రానికి 0.2 అనువైన గ్రహం, జీవం పుట్టే అవకాశం 1, తెలివి 0.5, సంకేతాలు పంపడం 0.2, నాగరికత ఆయుష్షు 10,000 ఏళ్లు. గుణిస్తే మన గెలాక్సీలో 400 నాగరికతలు! పిల్లలు చప్పట్లు కొడతారు. ఆ నాలుగో అంకె 1 అని ఎవరు చెప్పారు? అది నూరు కోట్లలో ఒకటైతే జవాబు 0.0000004, అంటే 25 లక్షల గెలాక్సీలు వెతికితే ఒక్కటి. పెద్ద సంఖ్యను తెలియని సంఖ్యతో గుణిస్తే వచ్చేదీ తెలియని సంఖ్యే. ‘ఇన్ని వేల కోట్ల నక్షత్రాలున్నాయి, ఉండకుండా ఎట్లుంటది’ అన్న వాదం కూలేది ఇక్కడే. వెతకడానికి ఆ లెక్క చాలు, నమ్మడానికి చాలదు.

భూమ్మీద జీవం తొందరగా, కనీసం 350 కోట్ల ఏళ్ల కిందే పుట్టింది కాబట్టి అంతటా పుడుతుందన్న మాటా ఉంది. నీళ్లు పడ్డ బోరు దగ్గర నిలబడి జిల్లాలోని బోర్లన్నిటికీ నీళ్లున్నాయన్నట్టే. జీవం పుట్టని చోట ఆ ప్రశ్న అడిగేవాడే ఉండడు.

చివరి స్లైడు మరీ అన్యాయం: కె2-18బి అనే బయటి గ్రహం మీద ‘జీవం ఆనవాళ్లు’. 2025లో కేంబ్రిడ్జి బృందం ప్రకటించింది, భూమ్మీద జీవులు వదిలే డైమిథైల్ సల్ఫైడ్ లాంటి వాయువుకు 3 సిగ్మా సంకేతం (సిగ్మా అంటే సంకేతం ఎంత గట్టిదో చెప్పే కొలమానం), రూఢి కావాలంటే 5 కావాలి. 3 సిగ్మా అంటే ఆ వాయువు లేకున్నా కొలతల్లో అంత సంకేతం కనబడే అవకాశం 0.3 శాతం అని. జీవం ఉండే అవకాశం 99.7 శాతమని కాదు. పైగా ఆ డైమిథైల్ సల్ఫైడ్ 67పి తోకచుక్కలోనూ దొరికింది, అక్కడ జీవం లేకుండానే.

9, 10 తరగతులకు పెట్టించొచ్చు, కాకపోతే మర్నాడు బోర్డు మీద నాలుగో అంకెను 1, 0.001, నూరు కోట్లలో ఒకటిగా మార్చి మూడుసార్లు గుణించమనండి. 6, 7 వాళ్లకు మొదటి సగం చాలు. చివరి స్లైడు తీసేయమని ఆపరేటర్‌కు డోమ్ వేసేటప్పుడే చెప్పాలి, చీకట్లో షో నడుస్తుండగా ఆపడం కుదరదు.