కర్నూలు చిన్న ల్యాబ్‌కు ఫైవ్ పార్ట్ సీబీసీ మెషిన్: లేజర్ ఎంతవరకు ఆదుకుంటుంది

కర్నూలులోని చిన్న ల్యాబ్ సీబీసీకి, అంటే రక్తకణాల లెక్కకు, తెల్లకణాలను ఐదు రకాలుగా విడదీసే ఫైవ్ పార్ట్ మెషిన్ కొనొచ్చా? కొనొచ్చు. కానీ లేజర్ దేన్ని చూస్తుందో, దేన్ని చూడదో తెలుసుకుని కొనండి.

తెల్లకణాలను మూడు గుంపులుగానే విడదీసే త్రీ పార్ట్ మెషిన్ కణాన్ని సన్నని రంధ్రంలోంచి పంపి, కరెంటుకు ఎంత అడ్డొచ్చిందో కొలుస్తుంది. తెలిసేది సైజు ఒక్కటే. అందుకే మోనోసైట్లు, ఇసినోఫిల్స్, బేసోఫిల్స్ అనే మూడు రకాల తెల్లకణాలూ ‘మిడ్’ అనే ఒకే గంపలో పడతాయి. ఫైవ్ పార్ట్‌లో లైజ్ అనే ద్రావణం ఎర్రకణాలను కరిగించాక తెల్లకణాలు ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి పోతాయి. ముందువైపు చెదిరిన వెలుగు సైజు చెబుతుంది. పక్కకు చెదిరింది కణం లోపలి గింజలను, న్యూక్లియస్ తీరును పట్టిస్తుంది. అలర్జీ, ఆయాసం, నులిపురుగుల కేసుల్లో ఇసినోఫిల్ శాతం విడిగా రావడానికే ఈ ఖర్చు పెట్టొచ్చు.

డెంగీ రోజుల్లో మాత్రం అందరూ అడిగేది ప్లేట్‌లెట్లు. చిన్న ఫైవ్ పార్ట్ మెషిన్లలో చాలావాటిలో వాటిని లెక్కించేది ఆ పాత కరెంటు పద్ధతే. ఎంసీవీ (ఎర్రకణం సగటు సైజు) 60 దగ్గరున్న రక్తహీనతలో చిట్టి ఎర్రకణాలు ప్లేట్‌లెట్లలో కలిసి కౌంట్ పెరుగుతుంది. ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏకు ప్లేట్‌లెట్లు గుంపు కట్టే రక్తంలో తగ్గుతుంది. అప్పుడు ఈడీటీఏ బదులు సిట్రేట్ ఉన్న ట్యూబులో మళ్లీ తీసి, వచ్చిన కౌంట్‌ను 1.1తో హెచ్చించాలి. లక్షలోపు ఏ కౌంట్ వచ్చినా స్మియర్ (గాజు పలకపై పరిచిన రక్తపు పొర) మైక్రోస్కోపులో చూశాకే రిపోర్టు ఇవ్వండి. పేషెంట్‌కు ప్లేట్‌లెట్లు ఎక్కించాలా వద్దా అన్నది ఆ అంకె మీద ఆధారపడొచ్చు.

అంకెల కంటే ముందు, ఒక్కో కణాన్ని ఒక్కో చుక్కగా చూపే స్కాటర్‌గ్రామ్ చూడటం అలవాటు చేసుకోవాలి. చుక్కల గుంపుల మధ్య ఖాళీ స్పష్టంగా ఉంటే డిఫరెన్షియల్ (తెల్లకణాల రకాల శాతాలు) నమ్మొచ్చు. లింఫోసైట్ల గుంపు పైకి సాగి మోనోసైట్లలో కలిసిపోతే వైరల్ జ్వరాల్లో వచ్చే రియాక్టివ్ లింఫోసైట్లు కావచ్చు, రక్తక్యాన్సర్లో కనిపించే పక్వం కాని కణాలైన బ్లాస్టులూ కావచ్చు. ఎడమ అడుగున చుక్కలు దట్టంగా ఉంటే పుట్టిన బిడ్డ రక్తంలోలా కరగని ఎర్రకణాలో, న్యూక్లియస్ ఉన్న ఎర్రకణాలో, ప్లేట్‌లెట్ గుంపులో ఉన్నట్టు. స్మియర్‌లో 100 తెల్లకణాలకు న్యూక్లియస్ ఉన్న ఎర్రకణాలు 25 కనిపించి, మెషిన్ వాటినీ తెల్లకణాల్లో కలిపి లెక్కేసి ఉంటే, కౌంట్‌ను 100తో హెచ్చించి 125తో భాగించాలి.

శాంపిల్ దగ్గర చేసే తప్పును ఏ లేజరూ దిద్దలేదు. 2 మి.లీ. ట్యూబును గీత దాకా నింపి, వెంటనే 8 నుంచి 10 సార్లు మెల్లగా తలకిందులు చేయాలి, ఊపకూడదు. ఆదోని, ఎమ్మిగనూరు నుంచి మే ఎండలో బస్సులో వచ్చే ట్యూబులను థర్మకోల్ పెట్టెలో, ఐస్ నేరుగా తగలకుండా తెప్పించండి. వేడికి, ఆలస్యానికి కణాలు చెడి స్కాటర్‌గ్రామ్‌లోని గుంపులు చెదిరిపోతాయి.

గదికి ఏసీ, మెషిన్‌కు ఆన్‌లైన్ యూపీఎస్ తప్పవు. రీఏజెంట్ (మెషిన్ వాడే రసాయన ద్రావణం) చల్లగా ఉంటే లైజ్ సరిగా పనిచేయదు. డ్రమ్ము మార్చాక గాలిబుడగలుంటే ప్లేట్‌లెట్ బ్లాంక్ (రక్తం లేకుండా నడిపితే వచ్చే కౌంట్) పెరుగుతుంది. అది 10 వేలు దాటితే ప్రైమ్ చేసి (గొట్టాలను రీఏజెంట్‌తో మళ్లీ నింపి) మళ్లీ చూడాలి.

డెమోకు కంపెనీవాళ్లు తెచ్చే విలువలు ముందే తెలిసిన కంట్రోల్ రక్తం సరిపోదు. మీ శాంపిల్ ఒకటి వరుసగా 10 సార్లు నడిపించండి; తెల్లకణాల సీవీ (సగటుతో పోలిస్తే ఫలితాల మధ్య తేడా) 3 శాతం లోపు ఉండాలి. డిఫరెన్షియల్‌ను స్మియర్‌లో 200 కణాల లెక్కతో పోల్చండి. మెషిన్ ఆ కంపెనీ రీఏజెంట్లే తీసుకునేలా లాక్ అయి ఉందేమో రాతపూర్వకంగా అడగండి. రోజుకు పది, పదిహేను సీబీసీలే ఉన్న ల్యాబ్‌లో ఆన్, ఆఫ్ కడుగుళ్లకే చాలా రీఏజెంట్ పోతుంది. అక్కడ త్రీ పార్ట్ ఉంచుకుని, మంచి మైక్రోస్కోపు, స్మియర్‌కు రంగు వేసే లీష్మన్ స్టెయిన్ మీద డబ్బు పెట్టడమే మేలు.