మన నేలకు ఏది మేలు: కొనేవాడి రూలా, అప్పిచ్చేవాడి షరతా, మన చట్టమా?

గుంటూరు మిర్చి చైనాకు, థాయిలాండ్‌కు బాగా పోతుంది. యూరప్‌కు పంపాలంటే మాత్రం లెక్క వేరు. ప్రత్యేకంగా పరిమితి పెట్టని పురుగుమందు ఏదైనా కిలోకి 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. దాటితే సరుకు వెనక్కే. ఆ భయం పనిచేస్తుంది. కోతకు ఎన్ని రోజుల ముందు మందు ఆపాలో రైతు అడిగి తెలుసుకుంటాడు, కాయల్ని మట్టి మీద కాకుండా పట్టాల మీద ఆరబోస్తాడు. అధికారులు ఎంత చెప్పినా జరగని పనిని రేటులో తేడా చేయిస్తుంది.

అయితే ల్యాబ్ చూసేది కాయనే. అంతకుముందు మందు ఎంత కొట్టినా, కోసేనాటికి కాయలో లేకపోతే పాస్. ఆ మందు వానకు కాలవలో కలిసిందా, తేనెటీగల్ని చంపిందా అని అడిగేవాళ్లుండరు. 2021-22లో నల్ల తామర పురుగు తోటల్ని తినేసినప్పుడు రైతులు టెన్షన్‌లో మందు మీద మందు కొట్టారు. ఆ విషమంతా కొనేవాడి రిపోర్టుకు ఎక్కదు. పైగా యూరప్ వద్దన్న లాటు, పట్టింపు తక్కువున్న మార్కెట్ వెతుక్కోగలదు. ఆ మార్కెట్ మన ఊరిదే కావచ్చు.

అప్పిచ్చేవాడు ఇంకాస్త దూరం చూస్తాడు. అమరావతికి ప్రపంచ బ్యాంకు 30 కోట్ల డాలర్లు ఇవ్వాలనుకున్నప్పుడు, భూమి, జీవనోపాధి, పర్యావరణం గురించి 2017లో ఆ బ్యాంకు తనిఖీ ప్యానెల్‌కే ఫిర్యాదు వెళ్లింది. నష్టపోయే మనిషికి గొంతు దొరకడం చిన్న విషయం కాదు. కానీ 2019 జులైలో కేంద్రం ఆ అప్పు వద్దనుకుంది, దాంతో ప్యానెల్ విచారణ దారి కూడా మూసుకుపోయింది. 2024 డిసెంబరులో బ్యాంకు 80 కోట్ల డాలర్లతో మళ్లీ వచ్చింది. ఈసారి కూడా ఆ ఫిర్యాదు తలుపు ఎప్పటికీ తెరిచి ఉండేది కాదు.

అందుకే నా ఓటు మన చట్టానికే. అది నత్తనడకే, ఒప్పుకుంటాను. మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందును కూరగాయలపై 2005లోనే వద్దన్నారు, అందులో 36 శాతం ద్రవ మందును ఆపే ఆదేశానికి 2023 దాకా పట్టింది. కానీ 2011లో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్ అనే మరో పురుగుమందును ఆపమన్నప్పుడు, ఎగుమతి చేనా, ఇంటి చేనా అని తేడా చూపలేదు. కొనేవాడు మారినా, అప్పు తీరిపోయినా ఆ ఆదేశం మన పొలాన్ని వదిలి పోదు.

కొనేవాడి రూలును తోసేయమనడం లేదు. స్పైసెస్ బోర్డు ల్యాబ్ గుంటూరులోనే ఉంది. విదేశాలకు వెళ్లే కాయకు చేసినంత శ్రద్ధగా మనం తినే కాయకూ, పొలాల పక్క కాలవ నీటికీ పరీక్షలు చేయించి, ఫలితాలు ఊరి సచివాలయంలో అంటించమని ప్రభుత్వాన్ని అడగాలి.