నల్లగొండలో కొన్న ఆర్కియోప్టెరిక్స్ బొమ్మ

దేవరకొండ దగ్గర బడిలో సైన్సు చెప్తా. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర 350 రూపాయలకు ఆర్కియోప్టెరిక్స్ అనే పాతకాలపు పక్షి ప్లాస్టిక్ బొమ్మ కొన్న. నోట్లె పండ్లు, ఎముకల పొడుగు తోక, రెక్కకు మూడేసి గోర్లు, అన్నీ 1861లో జర్మనీ సున్నపురాయిలో శిలాజంగ బయటపడ్డ ఆ పక్షికి తగ్గట్టే చేసిండ్రు. తోక రెండోరోజే ఊడింది, గమ్ముతో అంటించిన.

నాకు బాధైంది వెంట ఇచ్చిన కాగితం చూసి. చెట్టు మీదికెళ్లి దుంకి ఎగురుడు నేర్చిందని ఒక్క ముక్కలో తేల్చిండ్రు. నేల మీద ఉరికి లేచిందనే వాదమేది? 2003లో అమెరికా జీవశాస్త్రవేత్త కెన్ డయల్ చుకార్ అనే రకం కౌజు పిల్లలను గమనించిండు: ఎగరలేని పిల్లలు గూడ రెక్కలు కొట్టుకుంట నిట్రంగున్న వాలు ఎక్కుతయి, ఆ ఊపు కాళ్లకు పట్టునిస్తది; పక్షుల ఎగురుడు గిట్ల గూడ మొదలై ఉండొచ్చన్నడు. మా కోడిపిల్లలు గడ్డివాము ఎక్కుతుంటే నాకదే యాదికొస్తది.

బొమ్మ కొనుండ్రి. కాగితం మాత్రం పిల్లలకు ఇయ్యకుండ్రి.