మైనస్ 12 మేలా, మైనస్ 1 మేలా?

డిసెంబరు వచ్చిందంటే విశాఖ బీచ్ రోడ్డు నడకలో మా గుంపుకి ఒకటే గోల. పదిమందిలో ఏడుగురి పిల్లలు అమెరికాలోనో కెనడాలోనో ఉన్నారు. "మేష్టారూ, మావాడి ఊళ్ళో మైనస్ 12 అట, స్నో పడుతోందట" అని ఒకాయన బెంగపడతారు. "మా అమ్మాయి దగ్గర ఫర్వాలేదండీ, మైనస్ 1, వట్టి వానే" అని పక్కాయన స్థిమితపడతారు. ముప్ఫయ్యేళ్ళు ఫిజిక్స్ పాఠాలు చెప్పిన పాపానికి ఏటా నేను చెప్పేది ఒకటే: బెంగపడాల్సింది ఆ రెండో ఆయన.

సగం తికమక మన మాటలోనే ఉంది. గడ్డి మీద బొట్టూ మంచే, లంబసింగిలో తెల్లారగట్ల దారి కనపడకుండా చేసేదీ మంచే, హిమాలయాల మీద పడేదీ మంచే. అందుకే స్నో, స్లీట్, ఫ్రీజింగ్ రెయిన్ అని వాళ్ళ మాటలే వాడతాను.

ఈ మూడూ సాధారణంగా పైన మంచు రేకులుగానే బయల్దేరతాయి. దారిలో ఏం తగిలిందన్నదే తేడా. నేలదాకా గాలి సున్నాకి దిగువనే ఉంటే రేకు రేకులాగే దిగుతుంది, అది స్నో. మధ్యలో వెచ్చటి పొర అడ్డొస్తే కరిగి చినుకవుతుంది. ఆ చినుకు మళ్ళీ నేల దగ్గరి చలిగాలిలోకి దిగాలి. ఆ చలి పొర మందంగా ఉంటే గాలిలోనే గట్టిపడి గింజల్లా రాలుతుంది, అది స్లీట్. పొర పల్చగా, మన యారాడ కొండ ఎత్తు కూడా లేకుండా ఉందనుకోండి, గట్టిపడే తీరిక దొరకదు. సున్నాకి దిగువకి చల్లబడ్డా నీళ్ళగానే వచ్చి దేనికి తగిలితే దాని మీద గడ్డకడుతుంది. ఫ్రీజింగ్ రెయిన్ అంటే అదే.

"పైకి పోయేకొద్దీ చలి కదండీ, పైన వెచ్చగా ఉండటమేంటి?" అని అడుగుతారు. జనవరిలో పొద్దున్నే పోర్టు వైపు చూడండి. పొగ కొంత ఎత్తు లేచి, మూతపెట్టినట్టు ఆగిపోయి పక్కలకి పరుచుకుంటుంది. ఆ మూత వెచ్చటి గాలే. మా అమ్మాయి ఉండేది నార్త్ కరొలైనాలోని రాలీలో. ఆ రాష్ట్రానికీ మనలాగే పడమర కొండలు, తూర్పున సముద్రం. ఉత్తరం నుంచి వచ్చిన చలిగాలి బరువెక్కువ, అప్పలాచియన్ కొండలు దాటలేక వాటి మొదట్లోనే మడుగు కడుతుంది. సముద్రం మీంచి వచ్చే వెచ్చటి తేమగాలి దాని మీదెక్కి పోతుంది. ఇక అక్కడ ఏం పడుతుందన్నది ఆ మడుగు లోతుని బట్టి.

సున్నాకి దిగువకి పోయాక కూడా నీళ్ళు నీళ్ళగా ఎలా ఉంటాయంటే, పాలు తోడుకోవాలంటే తోడు పడాలి కదా, నీళ్ళకీ అంతే. ఓ స్ఫటికపు ముక్కో, తగిన ధూళి రేణువో ఉండాలి. మధ్య పొరలో రేకు పూర్తిగా కరక్కుండా నలుసంత మిగిలినా అదే తోడయి స్లీట్ అవుతుంది. మొత్తం కరిగితేనే ముప్పు. పోయిన వేసవిలో మినరల్ వాటర్ బాటిలొకటి డీప్ ఫ్రిజ్‌లో పెట్టి మర్చిపోయాను. తీసి చూస్తే అద్దంలాంటి నీళ్ళే. వంటింటి గట్టు మీద ఠక్కున పెట్టేసరికి మూత కింద నుంచి తెల్లటి తెరొకటి జరజరా దిగి, కళ్ళముందే బాటిలంతా ముద్దకట్టింది. రాలీలో ఆ గట్టు స్థానంలో చెట్టుకొమ్మ, కారు తలుపు, కరెంటు తీగ ఉంటాయి.

నా మటుకు తేల్చేది ఇదొక్కటే: గడ్డకట్టడం గాలిలో అయిపోయిందా, వస్తువు మీద అయిందా? స్లీట్ గింజ పడి, ఎగిరి, పక్కకి దొర్లుతుంది. ఫ్రీజింగ్ రెయిన్ అతుక్కుంటుంది. అమ్మాయి పంపిన ఫొటోలో వేలెడంత పుల్లకి చుట్టూ గాజు తొడుగు, లోపల మొగ్గ కూడా కనిపిస్తోంది. చూడ్డానికి బ్రహ్మాండం. ఆ తొడుగు బరువే కొమ్మల్ని తీగల మీదికి విరిచేస్తుంది. 1998 జనవరిలో కెనడాలో క్వెబెక్ చుట్టుపక్కల అయిదారు రోజులు ఇలాంటి వానే పడితే వందల కొద్దీ హైటెన్షన్ టవర్లు కూలి, లక్షల ఇళ్ళు చీకట్లో పడ్డాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక కరెంటు లేకుండా గడిపిన మనకి ఆ రోజులెలా ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే మన దగ్గర విరిచింది గాలి, అక్కడ ఆకు కదలకపోయినా విరుగుతాయి.

ఫ్రీజింగ్ రెయిన్ తరఫునా రెండు మాటలు చెప్పాలి. గ్రాము నీరు గడ్డకట్టేటప్పుడు 80 కేలరీల వేడి వదులుతుంది, కాబట్టి కొత్త చలిగాలి రాకపోతే ఆ వాన గడ్డకట్టే జోరుని తనే తగ్గించుకుంటుంది. మైనస్ 1లో రోడ్డు మీద చల్లిన ఉప్పు బాగా పనిచేస్తుంది, మైనస్ 12లో అంతగా చెయ్యదు. అయినా నా ఓటు మైనస్ 12 స్నోకే. పొడిగా, తేలిగ్గా ఉంటుంది, పారతో తోసెయ్యొచ్చు, ముఖ్యంగా కంటికి కనపడుతుంది. గాజు పూత పడిన రోడ్డు తడి రోడ్డులాగే ఉంటుంది, కాలు జారాక గానీ తెలీదు.

వడగళ్ళు ఈ లెక్కలోవి కావు, అవి ఉరుముల వానవి. లంబసింగిలో స్నో అని వాట్సాప్‌లో తిరిగేవి గడ్డి మీద పేరుకున్న తెల్లమంచు ఫొటోలు, పైనుంచి పడిందేమీ లేదు. లండన్‌లో పిల్లలున్నవాళ్ళు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి: అక్కడ స్లీట్ అంటే వానా స్నో కలిసి పడటం, గింజలు కాదు.

నేనిప్పుడు టెంపరేచర్ అడగడం మానేశాను. "ఫోను కిటికీ దగ్గర పెట్టమ్మా" అంటాను. స్నో అయితే చప్పుడుండదు. ఫ్రీజింగ్ రెయిన్ అయితే మామూలు వాన చప్పుడే, ఆ రోజు ఇల్లు కదలొద్దంటాను. మొన్న రాత్రి పెడితే అద్దం మీద బియ్యం చల్లినట్టు టపటపమంది.

"స్లీటే. మెల్లగా వెళ్ళు" అని పెట్టేశాను.