నాటో మాదిరి కూటమా, మన మాదిరి ఎవరికీ కట్టుబడకుండా ఉండడమా?

తిరుపతి బస్టాండు కాడ టీ తాగతా మావోడు ఒకటే వాదన, ఇండియా కూడా అమెరికాతో సైనిక కూటమి కట్టేయాలంట. సరే అబ్బా, పక్కపక్కన పెట్టి చూద్దాం.

కూటమికి బలం ఉంది, కాదనను. నాటో అంటే అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి, దాని ఒప్పందంలో ఆర్టికల్ 5 అంటే ఒకరి మీద దాడి చేస్తే అందరి మీదా చేసినట్టే, అన్నేళ్లు దూరంగా ఉన్న ఫిన్లాండ్ 2023లో పోయి చేరింది అందుకే. కానీ ఆ ఆర్టికల్ వాడింది ఒక్కసారే, 2001లో అమెరికా కోసం, తర్వాత ఆఫ్ఘనిస్తాన్‌లో 2021 దాకా ఉండి కూడా అక్కడి జనం మనసు పట్టుకోలేకపోయినారు.

మనది వేరే దారి. అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాతో కలిసి క్వాడ్ అనే జట్టులో ఉంటాం, రష్యా దగ్గర ఎస్-400 క్షిపణి రక్షణ వ్యవస్థ కూడా కొంటాం, రెండుపక్కలా తిట్లు తింటాం అనుకో.

ఇంక పక్క దేశమోళ్ల సంస్కృతి తెలిస్తే చాలు, వాళ్లతో నెగ్గుకురావచ్చు అనేదీ నేను నమ్మను. చిత్తూరులో అరవం (తమిళం) రానోళ్లు తక్కువ, మద్రాసు పక్కనే, అక్కడి తమిళులకి అంత దగ్గరోళ్లమై ఉండీ 1987లో శాంతి నిలపడానికని శ్రీలంకకి పోయిన మన సైన్యం 1990లో తిరిగొచ్చేలోపు వెయ్యిమందికి పైగా జవాన్లని పోగొట్టుకుంది. శ్రీలంక అధ్యక్షుడుగా చేసిన మహింద రాజపక్స తిరుమలకొచ్చి దండం పెట్టుకున్నోడే, వాళ్ల దేశంలో హంబన్‌టోట పోర్టు మాత్రం చైనా అప్పుతో కట్టించినాడు.

నా ఓటు మన దారికే, కాకపోతే సముద్రంలో క్వాడ్ దేశాల నౌకాదళాలతో కలిసి చేసే మలబార్ విన్యాసాల మాదిరివి ఇంకా జాస్తి చేయాల.